పాత డిస్కు కనబడకపోతే ఫార్మాట్ నొక్కొద్దు

సంపాదకులకు,

పదిహేనేళ్ల కిందటి పెళ్లి వీడియోలు, డీటీపీ సెంటర్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల ఫొటోలు చాలామందికి పాత హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోయాయి. కంప్యూటర్ వాటిని గుర్తుపట్టక రిపేరు షాపుకు తీసుకెళితే, ‘ఫార్మాట్ కొట్టి తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీద్దాం’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట విన్న వెంటనే డిస్కు వెనక్కి తీసుకోండి. క్విక్ ఫార్మాట్ చేస్తే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెదిరిపోతుంది. విస్టా నుంచి ఇటు వచ్చిన విండోస్‌లలో ‘క్విక్’ టిక్కు తీసేసి ఫార్మాట్ చేస్తే డిస్కు పొడవునా సున్నాలు రాసేస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా తీయడానికి అందులో ఏమీ మిగలదు.

డిస్కు కనబడలేదంటే ముందు అనుమానించాల్సింది కరెంటును. డెస్క్‌టాప్‌లో వాడే 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులే కాబట్టి డిస్కును యూఎస్‌బీకి కలిపే కన్వర్టర్లలో విడిగా అడాప్టర్ ఉన్నదే వాడాలి. ల్యాప్‌టాప్‌ల 2.5 అంగుళాల డిస్కు 5 వోల్టులతోనే నడుస్తుంది. కానీ లోపల డేటా ఉండే పళ్లెం తిరగడం మొదలయ్యే క్షణంలో చాలా డిస్కులు ఒక ఆంపియర్ దాకా లాగుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. క్యాబినెట్ ముందున్న పోర్టుకు పొడుగు కేబుల్‌తో పెడితే ఆ కాస్తా అందదు. డిస్కు తిరగబోయి ఆగి, మళ్లీ తిరగబోయి ఆగుతుంది. వెనక పోర్టు, పొట్టి కేబుల్, రెండు యూఎస్‌బీ మొనలున్న వై కేబుల్ ప్రయత్నించాక గానీ డిస్కు పోయిందనుకోకూడదు. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిపే 40 పిన్నుల పాత ఐడీఈ డిస్కయితే వెనకున్న చిన్న క్లిప్పు (జంపర్)ను ‘మాస్టర్’ స్థానంలో పెట్టి చూడాలి. ల్యాప్‌టాప్ ఐడీఈకి 44 పిన్నులు, కరెంటు కూడా వాటిలోనే వస్తుంది. ఒక వరస పక్కకు జరిగి గుచ్చుకుంటే బోర్డు కాలిపోవచ్చు.

12 వోల్టుల ఎక్స్‌టర్నల్ డ్రైవుకు పొరపాటున 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టేస్తుంటారు, పిన్ను సరిపోతుంది మరి. అప్పుడు బోర్డు మీద ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే టీవీఎస్ డయోడ్ షార్టయి మిగతా భాగాల్ని కాపాడుతుంది. డిస్కులో కదలికే ఉండదు. తెలిసిన టెక్నీషియన్ మల్టీమీటర్‌తో చూసి, షార్టయిన డయోడ్ తీసేస్తే సరైన కరెంటుతో డిస్కు మళ్లీ తిరిగే అవకాశం ఉంది. ఆ తర్వాత రక్షణ ఉండదు కనుక కాపీ తీసేంతవరకే దాన్ని నడపాలి. అదే మోడల్ వేరే డిస్కు బోర్డు బిగిస్తే చాలనుకోవడం పొరపాటు. ఒక్కో డిస్కుకు ప్రత్యేకమైన సర్దుబాటు లెక్కలు బోర్డు మీది రోమ్ చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా కొత్త బోర్డుకు మార్చాలి.

డిస్కు తిరుగుతోంది, ‘మై కంప్యూటర్’లో మాత్రం లేదు అంటే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సైజు సరిగ్గా చూపిస్తూ డ్రైవ్ అక్షరం ఒక్కటే లేకపోతే, రైట్ క్లిక్ చేసి అక్షరం ఇస్తే పని అయిపోయినట్టే. ‘ఇనిషియలైజ్’ అనో ‘ఫార్మాట్’ అనో అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్కులో తప్పులు సరిదిద్దే విండోస్ చెక్‌డిస్క్ కూడా నడపొద్దు, అది పాడైన డిస్కు మీదే రాస్తుంది. 3 టీబీ డిస్కు 746 జీబీగా కనబడితే కన్వర్టర్ పాతదని అర్థం. కొన్ని ఎక్స్‌టర్నల్ డ్రైవుల్లో పెట్టెలోని బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పెట్టె విప్పి డిస్కును నేరుగా తగిలిస్తే ఖాళీ డిస్కులా ఉంటుంది. ఆ బోర్డు పారేయకండి.

టక్ టక్ మని ఆగకుండా కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే కరెంటు తీసేయాలి. చదివే హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. అది దెబ్బతిని ఉంటే తిరిగే ప్రతి నిమిషం పళ్లెం మీది పూతను గీకేస్తుంది. ఇంట్లో మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం రెండూ హానే. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కులో చెమ్మ పడుతుంది. ఇలాంటివి దుమ్ము చొరబడని గది (క్లీన్ రూమ్) ఉన్న చోటికే వెళ్లాలి.

చప్పుడు లేకుండా తిరిగే డిస్కుకు, దాని ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాంలో 05, సీ5, సీ6 వరసలు చూడండి. వాటి ‘రా వాల్యూస్’ గడిలో సున్నా కాక వేరే అంకె ఉంటే సెక్టార్లు (డేటా రాసే చిన్న గడులు) పాడవుతున్నట్టు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చండి. తర్వాత చేయాల్సిన పని డిస్కు మొత్తానికి ఇమేజ్ తీయడం, అంటే అందులో ఉన్నదంతా ఉన్నట్టే వేరే డిస్కులో ఒక ఫైలుగా కాపీ చేయడం. లినక్స్‌లో ఉచితంగా దొరికే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఇందుకు సరైనది. మొదటి విడతలో సులువుగా చదవగలిగిందంతా కాపీ చేసి, మొండి సెక్టార్లను చివరికి వదిలేస్తుంది. ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరవకూడదు. కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. బాగున్న 500 జీబీ డిస్కుకే యూఎస్‌బీ 2.0 మీద ఐదు గంటల దాకా పడుతుంది, పాడైనదానికి రోజులు పట్టొచ్చు. ఇమేజ్ వచ్చాక దాని మీద టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాం నడిపితే పోయిన పార్టిషన్ (డిస్కులోని విభాగం) దొరకొచ్చు. దొరక్కపోతే ఫొటోరెక్ అనే ప్రోగ్రాం వాడాలి. అది ఫైళ్ల రకాన్ని బట్టి ఏరుతుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు రావు. మినీ డీవీ టేపు నుంచి ఎక్కించిన వీడియో గంటకు 13 జీబీ ఉంటుంది. అది డిస్కులో ముక్కలుగా పడి ఉంటే తెగి వస్తుంది. అందుకే టెస్ట్‌డిస్క్‌నే ముందు ప్రయత్నించాలి.

ఐటీఐలో కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడు చదివే పిల్లలతో ఈ ఇమేజ్ తీసే పనిని చేత్తో చేయించాలని అధ్యాపకులను కోరుతున్నాను. స్టూడియోలవాళ్లకు ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పాత డిస్కులు తిరుగుతుండగానే ఆ నెలలో కొత్తవాటిలోకి కాపీ చేసుకోవచ్చు.

డీటీపీవాళ్లకు ఇంకో మాట. తీసిన పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. ఫైలు పాడైందని చెరపకండి. అప్పట్లో కంపోజ్ చేసిన అను ఫాంట్లనే ఎక్కించి మళ్లీ తెరిచి చూడండి.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, ఖమ్మం