పాపప్ తెరుచుకున్నాక ఫోకస్ ఎక్కడుంది?

శ్రీకాకుళం,
ఆదివారం

ప్రియమిత్రమా,

అరసవల్లి నుంచి వస్తూ వానలో బండి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్న సంగతి నీకు తెలిసిందే. కట్టుతో మౌస్ పట్టుకోవడం కుదరక, మూడు వారాలుగా ఎడమచేత్తో ట్యాబ్, ఎంటర్ కీలు నొక్కుకుంటూనే కంప్యూటరు పనులన్నీ చేసుకుంటున్నాను. ఆ అవస్థలో తెలిసివచ్చిన ఒక విషయాన్ని, వెబ్‌సైట్లు తయారుచేసే నీకు వివరంగా రాయాలనిపించింది.

మొన్న మా అమ్మాయి ప్రవేశపరీక్ష దరఖాస్తు నింపడానికి కూర్చున్నాను. తండ్రి పేరు మొదలుకొని పదో తరగతి మార్కుల దాకా ఒంటిచేత్తో టైపు చేసేసరికి గంట పట్టింది. చివర ‘సమర్పించు’ నొక్కగానే, వివరాలు సరిచూసుకోమంటూ ఒక పాపప్ వచ్చింది. అందులో ‘సరే’, ‘రద్దు’ అని రెండు బటన్లున్నాయి. ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కినా వాటిలో దేని చుట్టూ గీత కనబడలేదు. ఈపాటికి ‘సరే’ మీదికి వచ్చి ఉంటుందనుకుని ఎంటర్ కొడితే, నింపినదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఫోకస్, అంటే కీ నొక్కితే అది పేజీలో దేనికి తగులుతుందో ఆ చోటు, అసలు పాపప్‌లోకి రానేలేదు. మసకబారిన వెనక పేజీలోనే తిరుగుతూ, నాకు కనబడకుండా ‘రీసెట్’ బటన్ మీద ఆగింది. అది చివరి తేదీ కాదు కాబట్టి సరిపోయింది.

పాపప్ తెరుచుకోగానే ఫోకస్ అందులోకి వెళ్లాలి, మూసేదాకా వెనక పేజీలోకి జారకూడదు, మూశాక ఏ బటన్ నొక్కితే అది తెరుచుకుందో ఆ బటన్ మీదికే తిరిగి రావాలి. అలా లోపలే ఉంచితే మనిషిని బంధించినట్టు కాదా అని నువ్వు అడగవచ్చు. ఎస్కేప్ కీతోనో, మూసే బటన్‌తోనో బయటపడే వీలున్నంతవరకు కాదు. ఆ వీలు లేనప్పుడే అది, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు వద్దన్న కీబోర్డు ఉచ్చు అవుతుంది. ఒకప్పుడు ఇదంతా జావాస్క్రిప్టుతో స్వయంగా రాసుకోవలసి వచ్చేది. 2022 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నింటిలోనూ పాపప్‌ల కోసం ఉద్దేశించిన డైలాగ్ అనే హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్ ఉంది; దాన్ని షోమోడల్ అనే ఆదేశంతో తెరిస్తే వెనక పేజీని అందకుండా చేయడం, ఎస్కేప్‌తో మూయడం, ఫోకస్‌ను వెనక్కి చేర్చడం బ్రౌజరే చూసుకుంటుంది. ఇంత సులువైన దారిని వదిలి డివ్ అనే ఉత్త పెట్టెతో పాపప్ కట్టడం నాకు అన్యాయంగానే తోస్తోంది.

ఫోకస్ ఉన్నచోట బ్రౌజర్ తనంతట తానే గీత గీస్తుంది. అందం చెడుతుందని ‘అవుట్‌లైన్ నన్’ అనే ఒక్క పంక్తితో దాన్ని చెరిపేస్తున్నారు. మౌస్‌తో నొక్కినప్పుడు గీత వద్దనుకుంటే కీబోర్డుతో వచ్చినప్పుడే గీత చూపించే ‘ఫోకస్ విజిబుల్’ సెలెక్టర్ ఉండనే ఉంది. గీత ఉంచినవాళ్లలోనూ కొందరు తెల్లటి పెట్టెలో లేత బూడిదరంగు వేస్తారు; పొందూరు ఖద్దరు మీద తెల్లదారంతో వేసిన కుట్టులాగా అది కంటికి ఆనదు. పక్కనున్న రంగుతో కనీసం 3:1 కాంట్రాస్ట్ (వెలుగు తేడా) ఉండాలన్నది ప్రమాణం. 2023 అక్టోబరులో వచ్చిన ఆ ప్రమాణాల 2.2 ప్రతి ప్రకారం, ఫోకస్ ఉన్న బటన్ కుకీల పట్టీ వంటిదాని వెనక పూర్తిగా దాగిపోకూడదు కూడా.

చేతులు వణికేవారూ, చూపు లేక స్క్రీన్ రీడర్‌తో వినేవారూ ఏడాది పొడవునా కీబోర్డునే నమ్ముకుంటారు. విజయనగరంలో గంటస్తంభం దగ్గరి బట్టల దుకాణానికి నువ్వు చేస్తున్న సైటులో, చీర బొమ్మ నొక్కితే పాపప్ తెరుచుకుంటుందని చెప్పావు. దాన్ని అప్పగించే ముందు ఒక్కసారి మౌస్ పక్కన పెట్టి చూడు. నా కట్టు వచ్చే గురువారం విప్పుతారు; ఆలోగా లింకు పంపితే, ట్యాబ్‌తోనే మొదటినుంచి చివరిదాకా తిరిగి, ఫోకస్ ఎక్కడెక్కడ తప్పిపోయిందో రాసి పంపుతాను.

నీ
మిత్రుడు