బుజ్జిగాడిని హోటల్లో నిద్రపుచ్చడం గురించి

ప్రియ మిత్రమా,

ఉభయ కుశలోపరి. నీ ఉత్తరం అందింది. డిసెంబరు ఆఖరి వారంలో అందరూ కలిసి విశాఖపట్నం, అరకు వెళ్తున్నారని చదివి సంతోషించాను. అయితే ఉత్తరంలో సముద్రం ఊసు రెండు వాక్యాల్లో తేల్చేసి, మిగిలినదంతా "వీడు హోటల్ గదిలో పడుకుంటాడా?" అన్న బెంగతోనే నింపడం చూసి నవ్వు కూడా వచ్చింది. మా అమ్మాయిని వెంటబెట్టుకుని మేము ఇటీవలే ఆ ఊళ్లు తిరిగి వచ్చాం కాబట్టి, ఎక్కడ ఏం చూడాలన్నది ఇంకెవరినైనా అడుగు, చీకటి పడ్డాక గదిలో ఏం చేయాలన్నది మాత్రం నేను వివరంగా రాస్తాను.

మొదట ఒక మాట. ఏడాదిన్నర పిల్లవాడికి గడియారం తెలియదు, కానీ ఒకదాని తర్వాత ఒకటి ఏం జరుగుతుందో బాగా తెలుసు. ఇంట్లో మీ వాడికి గోరువెచ్చని నీళ్లతో స్నానం, తర్వాత పెరుగన్నం, తర్వాత పాలు, దీపం ఆర్పడం, చెల్లెమ్మ జోలపాట అని ఒక వరుస ఉంది కదా. ప్రయాణంలో ఎనిమిదింటికి జరగవలసింది తొమ్మిదింటికి జరిగినా కొంప మునిగిపోదు. వరుస మాత్రం చెదరకూడదు. చాలామంది దీనికి సరిగ్గా ఎదురు చేస్తారు. గడియారం చూసి హడావిడి పడుతూ స్నానం మానేసి, రెస్టారెంటులో ఆవురావురుమని నాలుగు ముద్దలు కుక్కి, దీపాలన్నీ వెలుగుతున్న గదిలో టీవీ ముందు ఒళ్లో పడుకోబెట్టి "పడుకో నాన్నా" అంటారు. వాడికి అది రాత్రి అని ఎలా తెలుస్తుంది?

ఎంతసేపు పడుకోవాలని కూడా అడిగావు. ఒకటి నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ప్రయాణంలో అందులో ఒక గంట తగ్గినంత మాత్రాన కంగారు పడకు. కానీ "పగలు పడుకోనివ్వకపోతే రాత్రి హాయిగా పడుకుంటాడు" అని మీ ఇంట్లో ఎవరో సలహా ఇచ్చారని రాశావు చూడు, అది మాత్రం వినకు. మితిమీరి అలసిన పిల్లవాడు మరింత పేచీ పెడతాడు, గుక్కపట్టి ఏడుస్తాడు, అర్ధరాత్రి మళ్లీ లేస్తాడు. మధ్యాహ్న భోజనం కాగానే గదికి వచ్చి గంటన్నర పడుకోబెట్టండి, మూడున్నర దాటాక మాత్రం లేపేయండి. దానివల్ల ఒక దర్శనీయ స్థలం తగ్గితే తగ్గనీ. కైలాసగిరి ఎక్కడికీ పోదు.

ఇక విశాఖపట్నం సంగతి. హైదరాబాదు కంటే అది దాదాపు ఐదు డిగ్రీలు తూర్పున ఉంది, అందుచేత అక్కడ సూర్యుడు మీకంటే ఇంచుమించు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. డిసెంబరు చివర్లో ఆరున్నర కాకముందే వెలుగు వచ్చేస్తుంది. దీనికి తోడు, సముద్రం కనిపించే గది కావాలని ముచ్చటపడి అధిక అద్దె ఇచ్చి తీసుకుంటాం కదా, బీచ్ రోడ్డు హోటళ్లలో ఆ గదులు తూర్పు వైపుకే ఉంటాయి. అంటే తెల్లవారగానే ఎండ నేరుగా పక్క మీద పడుతుంది, మీ వాడు ఆ వెలుగుకు లేచి కూర్చుని మీ ముక్కు పట్టుకుని లాగుతాడు. సముద్రపు గది వద్దనడం లేదు. పెద్దవాళ్లకూ ఒక సరదా ఉండాలి. కాకపోతే తెర విషయం ముందే చూసుకోవాలి. హోటళ్లలో సాధారణంగా రెండు తెరలు ఉంటాయి, పల్చటిది ఒకటి, వెలుగు ఆపే మందపాటిది ఒకటి. ఈ మందపాటి తెర రెండు రెక్కలూ మధ్యలో కలవవు. వేలెడంత సందు మిగులుతుంది, ఆ సందులోంచి వచ్చే వెలుగు సరిగ్గా దిండు మీద గీత గీసినట్టు పడుతుంది. ఇంటి నుంచి బట్టలు ఆరేసే క్లిప్పులు ఓ అర డజను పట్టుకెళ్లు. రెండు రెక్కలనూ ఒకదాని మీద ఒకటి వేసి పై నుంచి కింది వరకు క్లిప్పులు బిగిస్తే గది చీకటి గుయ్యారమవుతుంది. మీ వదిన అయితే తెర కిందనుంచి వచ్చే వెలుగుకు కూడా తువ్వాలు చుట్టి అడ్డుపెట్టింది. టీవీ కింద వెలిగే ఎర్రటి చుక్క, ఏసీ మీద కనిపించే అంకెలు పెద్దవాళ్ల కళ్లకు ఆనవు గానీ, చీకట్లో వాటిని చూపిస్తూ "అదేంటి, అదేంటి" అని మా అమ్మాయి చాలాసేపు ముచ్చట్లు పెట్టింది. టీవీ ప్లగ్గు తీసెయ్యి, ఏసీ మీద ఒక చేతిరుమాలు గాలికి అడ్డం రాకుండా వేలాడదియ్యి.

ఏసీ అంటే గుర్తొచ్చింది. మీ ఇంట్లో వాడికి సీలింగ్ ఫ్యాన్ చప్పుడు అలవాటు. హోటల్ గదుల్లో చాలాచోట్ల ఫ్యానే ఉండదు, గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ నిశ్శబ్దంలో కారిడార్లో సామాన్ల బండి దొర్లినా, పక్క గది తలుపు పడినా వాడు ఉలిక్కిపడి లేస్తాడు. ఫోన్లో ఫ్యాన్ చప్పుడు, వాన చప్పుడు లాంటివి పెట్టుకోవచ్చు. కానీ తలగడ పక్కన పెట్టవద్దు. పసిపిల్లల కోసం అమ్మే ఇలాంటి శబ్ద యంత్రాలను 2014లో కొందరు వైద్యులు పరీక్షించి, ఒక అడుగు దూరం నుంచి నిండు శబ్దంతో మోగిస్తే అన్నీ ఆసుపత్రుల్లో పసిపిల్లల గదులకు పెట్టిన 50 డెసిబెల్స్ హద్దు దాటుతున్నాయని తేల్చారు. గదికి ఆ చివర, నీ చెవికి సన్నగా వినిపించేంత శబ్దంతో పెట్టు, చాలు. ఏసీ 25 లేదా 26 మీద ఉంచి, గాలి పక్క మీదికి నేరుగా కొట్టకుండా రెక్కలు పైకి తిప్పు. ఇంకో చిక్కుంది. తలుపు దగ్గరి గాడిలో కార్డు పెడితేనే గదికి కరెంటు వస్తుంది, కార్డు తీస్తే ఏసీతో సహా అన్నీ ఆగిపోతాయి. వాడు పడుకున్నాక నువ్వు కిందికి వెళ్లవలసి వస్తుంది గనుక రిసెప్షన్లో దిగగానే రెండో కార్డు అడిగి తీసుకో.

గది అడిగేటప్పుడు లిఫ్టుకు దూరంగా, పెళ్లిళ్ల హాలుకు ఇంకా దూరంగా ఉండేది అడుగు. మేము దిగిన ఒక చోట కింది అంతస్తులో రిసెప్షన్ జరుగుతోంది, డీజే పాటకు మంచినీళ్ల గ్లాసు బల్ల మీద వణికింది. మీరు వెళ్లే రోజుల్లో మూఢం ఉందో లేదో పంచాంగం చూసుకో, నవ్వకు, గది ఎంచుకునేటప్పుడు అదీ పనికొచ్చే సమాచారమే.

అసలు పెద్ద సమస్య నీ ఉత్తరంలో ఓ మూల రాశావు. మీ వాడు చీర ఉయ్యాలలో తప్ప పడుకోడు. హోటల్ గదిలో కొక్కెం ఉండదు, బట్టల అల్మారా కడ్డీకో, బాత్రూమ్ తెర కడ్డీకో ఉయ్యాల కట్టే సాహసం పొరపాటున కూడా చేయకు. ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. ఉయ్యాలలో ఊపి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు తీసి నేల మీది పరుపు మీద పడుకోబెట్టి వీపు మీద జోకొట్టండి. క్రమంగా ఊపే సేపు తగ్గించి, జోకొట్టే సేపు పెంచండి. ఆ ఉయ్యాల చీరనే మడిచి పరుపు మీద పరవండి. దాన్ని ఉతక్కుండా హోటల్‌కు తీసుకెళ్లండి, ఎందుకంటే సబ్బు వాసన వచ్చే హోటల్ తెల్ల దుప్పటి కంటే వాళ్లమ్మ వాసన ఉన్న పాత చీర వాడికి నమ్మకమైన చోటు.

హోటల్లో కూడా వాడిని నేల మీదే పడుకోబెట్టమని నా సలహా. "ఎక్స్‌ట్రా బెడ్" అని అడిగితే మన దగ్గర చాలా హోటళ్లలో ఒక పరుపు తెచ్చి నేల మీద వేస్తారు. మంచం మీద ఇద్దరి మధ్య వేసుకుంటే మీకూ నిద్ర ఉండదు, వాడికీ ఉండదు. రెండు సింగిల్ మంచాలు కలిపి డబుల్ అంటారే, ఆ మధ్య సందులో కాలో చెయ్యో ఇరుక్కుంటుంది. మంచాన్ని గోడకు జరిపితే గోడకూ పరుపుకూ మధ్య సందు ఇంకా ప్రమాదం. నేల మీద పరుపు వేసి, పైన మీ ఇంట్లో వాడే జిప్పు దోమతెర నిలబెడితే వాడికి గదిలోనే తన చిన్న ఇల్లు దొరికినట్టు ఉంటుంది. అరకు మన్యంలో మలేరియా ఉన్న ప్రాంతం గనుక దోమతెర ఎలాగూ తప్పనిసరి. కెటిల్ తీగ, బాల్కనీ గడియ వాడికి అందకుండా దిగగానే చూసుకోండి, దీని గురించి అంతకంటే రాయనక్కరలేదు.

అరకు గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. మీ పథకం ప్రకారం విశాఖలో రెండు రాత్రులు, అరకులో ఒక రాత్రి, మళ్లీ విశాఖలో ఒక రాత్రి. అంటే నాలుగు రాత్రుల్లో మూడు కొత్త పక్కలు. కొత్త చోట మొదటి రాత్రి పెద్దవాళ్లకే మెదడులో ఒక సగం రెండో సగమంత గాఢంగా నిద్రపోదని అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన పరిశోధనలో ఉంది. అది పిల్లల మీద చేసింది కాదు. అయినా మొదటి రాత్రి వాడు పెట్టే పేచీని మొండితనం అనుకోకుండా ఉండటానికి అది నాకు పనికొచ్చింది. రెండో రాత్రికి అదే గది వాడికి తెలిసిన గది అయిపోతుంది. కాబట్టి అరకులో ఉంటే రెండు రాత్రులు ఉండండి, లేదా ఈసారికి అరకు మానేసి విశాఖలోనే నాలుగు రాత్రులూ గడపండి. పొద్దున ఏడు కాకముందే బయలుదేరే కిరండూల్ రైలు మీద నీకు మోజు ఉందని తెలుసు. ఆ సొరంగాలు, అద్దాల పెట్టె బాగుంటాయి, నిజమే. కానీ దానికోసం వాడిని చీకటితో లేపాలి. కారులో వెళ్తే మధ్యాహ్నం అన్నం తినిపించి, కాసేపు ఆడించి, వాడికి కునుకు వచ్చే వేళకు బయలుదేరవచ్చు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి వాడు నిద్రలో ఉంటాడు.

అక్కడ చలి మీరనుకున్నదాని కంటే ఎక్కువ. హోటల్ వాళ్లు ఇచ్చే బరువైన రగ్గు వాడి మీద కప్పవద్దు, నిద్రలో ముఖం మీదికి వస్తుంది. దానికి బదులు కాటన్ బట్టల మీద ఒక వెచ్చని పొర, కాళ్లకు మేజోళ్లు వేస్తే సరిపోతుంది. చలికి ఎవరైనా బొగ్గుల కుంపటి గదిలో పెడతామంటే సున్నితంగా కాదు, గట్టిగానే వద్దని చెప్పు. తలుపులు మూసిన గదిలో బొగ్గు పొగ ప్రాణాంతకం.

రాత్రి భోజనం విషయంలో హోటల్ వేళలు పిల్లల వేళలకు పొసగవు. డిన్నర్ ఏడున్నరకు మొదలవుతుందంటారు, ఆర్డరు వచ్చేసరికి ఎనిమిదిన్నర. మధ్యాహ్నమే వంటగదికి ఫోన్ చేసి ఆరున్నరకల్లా మెత్తటి అన్నం, పెరుగు గదికి పంపమని చెబితే చాలామంది పిల్లవాడి కోసమని ఆనందంగా పంపుతారు. వాడు పడుకున్నాక మీ ఇద్దరూ బాల్కనీలో కూర్చుని తినండి. బాల్కనీ లేని గదిలో మీ గతి బాత్రూమ్ దీపం వెలుగులో గుసగుసలే, అందుకే నేను సముద్రం కంటే బాల్కనీకే ఎక్కువ విలువ ఇస్తాను.

మధ్యరాత్రి లేస్తే వెంటనే ఎత్తుకోవద్దు, దీపం వెయ్యొద్దు, పక్క గదివాళ్లు ఏమనుకుంటారోనని ఫోన్ చేతికి అసలే ఇవ్వొద్దు. వీపు మీద చెయ్యి వేసి ఇంట్లో అనే మాటలే నెమ్మదిగా అను. నిమిషాలు యుగాల్లా అనిపిస్తాయి గానీ చాలాసార్లు తిరిగి పడుకుంటాడు. పక్క గదివాళ్లు పొద్దున ఇడ్లీల దగ్గర నీ వైపు ఒక చూపు చూస్తే చూడనీ.

చివరగా, ఎవరో ఒకరు "అర చెంచా జలుబు మందు పట్టండి, తెల్లవార్లూ కదలడు" అంటారు. నిద్ర కోసం మందు పట్టడం ఎన్నడూ వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసాల మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులే 2023 డిసెంబరులో ఆదేశించారు. నిజంగా జలుబు చేస్తే మీ పిల్లల డాక్టరు రాసిచ్చినదే వాడండి.

మీ అమ్మగారు వస్తున్నారు కాబట్టి పక్కపక్క గదులు తీసుకోండి, వీలైతే మధ్యలో తలుపు ఉన్నవి. సాయంత్రం ఆవిడ వాడి దగ్గర కూర్చుంటే మీ ఇద్దరికీ ఒక గంట బీచ్ దొరుకుతుంది. కానీ నిద్రపుచ్చే మనిషిని మాత్రం మార్చవద్దు, చెల్లెమ్మ పాడి పడుకోబెట్టాకే బయటికి వెళ్లండి. ఇంటికి తిరిగొచ్చాక కూడా రెండు మూడు రాత్రులు పేచీ ఉంటుంది, అప్పుడు మళ్లీ ఉయ్యాల కట్టాలన్న కోరికను ఆపుకోండి, నేల మీద పరుపు అలవాటయింది కదా, దాన్నే సాగించండి.

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారకముందే దించుతుంది, హోటల్ గది మధ్యాహ్నం పన్నెండుకు గానీ ఇవ్వరు. అందుకే ముందు రోజు రాత్రికి కూడా గది తీసుకోవడమో, త్వరగా గది ఇస్తారా అని అడిగి రాతపూర్వకంగా ఒప్పించుకోవడమో ఈ వారంలోనే చెయ్యి.

అమ్మగారికి నా నమస్కారాలు, చెల్లెమ్మకు మీ వదిన అడిగినట్టు చెప్పు, బుజ్జిగాడికి ముద్దులు.

ఇట్లు,
నీ మిత్రుడు