మార్చిలో బట్టలు లేటైనవాళ్లకు, మీ కడప టైలర్ నుంచి

అంగడికి వచ్చే అక్కలకు, అన్నలకు, బాబీలకు, చాచాలకు నమస్కారం, సలాం.

ఈ ఏడాది, 2026లో, మార్చి 19న ఉగాది, 21న రంజాన్. రెండు పండగలకూ కలిపి మేం ఒప్పుకున్నవి 212 జతలు. టైముకు ఇవ్వలేకపోయినవి 31. కరెంటు పోయిందని, గుండీ కాజాల మిషన్ చెడిపోయిందని మీలో చాలామందికి చెప్పాం. కరెంటు పోయిన మాట నిజమే, కానీ పోయింది గంటసేపే. అసలు సంగతేమిటంటే, మా వల్ల కానన్ని ఒప్పుకున్నాం. మిషన్ మీద కూర్చునేది ముగ్గురు, కత్తెర పట్టేది నేనొక్కణ్నే. వచ్చినవాళ్లను వెనక్కి పంపితే పక్క వీధికి పోతారన్న భయంతో పండగకు నాలుగు రోజుల ముందు దాకా గుడ్డ తీసుకుంటూనే ఉన్నాను.

ఆల్మాస్‌పేట నుంచి వచ్చే ఒక బాబీ, కొడుకు పఠాని డ్రెస్సు కోసం రంజాన్ ముందు రాత్రి పదకొండు దాకా మా బల్ల మీదే కూర్చుంది. కాలరు పడింది, చేతులు పడ్డాయి, గుండీలు మాత్రం పడలేదు. పిల్లోడు పొద్దున నమాజుకు పాత చొక్కాతోనే పోయాడు. ఆమె ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అదే బాబీ రెండు రోజుల ముందు, ఉగాది నాడు, రోజా ఉపవాసం ఉండి కూడా దేవుని కడపకు పోయి వెంకటేశ్వర స్వామికి టెంకాయ కొట్టి వచ్చింది. మనకిది కొత్త కాదు గానీ, బయటూరి నుంచి వచ్చిన కోడళ్లకు చెప్పాలి. తమ ఆడపడుచు బీబీ నాంచారమ్మ స్వామివారి భార్య కాబట్టి ఆయన తమ ఇంటి అల్లుడని ఇక్కడి ముస్లింల నమ్మకం. అందుకే ఉగాది పొద్దున గుడి క్యూలో బురఖాలు కనిపిస్తాయి. దానికీ నా కుట్టుపనికీ సంబంధం ఉంది. ఉగాదికి కొత్త బట్టలు హిందువులకు, రంజాన్‌కు ముస్లింలకు అని వేరు చేసి లెక్క వేస్తే కడపలో తప్పు లెక్కే వస్తుంది. ఆ బాబీ రెండు రోజులకూ రెండు జతలు ఇచ్చింది.

పండగలు ఇలా ఒకదాని మీద ఒకటి పడటం వరుసగా ఇది మూడో ఏడు. 2024లో ఏప్రిల్ 9, 11. 2025లో మార్చి 30, 31. ఉగాది చైత్ర పాడ్యమి, రంజాన్ పండగ షవ్వాల్ నెల మొదటి రోజు. రెండూ అమావాస్య దాటాక వచ్చేవే. ఏటా రెండూ పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. మన పంచాంగంలో రెండున్నర, మూడేళ్లకోసారి అధిక మాసం వచ్చి ఉగాదిని మళ్లీ ముందుకు తోస్తుంది. ముస్లింల హిజ్రీ క్యాలెండరు లెక్కలో ఆ సర్దుబాటు లేదు. ఈసారి మే 17 నుంచి అధిక జ్యేష్ఠం. కాబట్టి 2027లో రంజాన్ మార్చి 10 ప్రాంతంలో, ఉగాది ఏప్రిల్ 7న. నాకు నాలుగు వారాలు ఊపిరి. గోడ మీద క్యాలెండరు మూడేళ్లుగా చెప్తున్నదే ఇదంతా, చూసుకోనిది నేను.

మా నాయన కాలం నాటి కొలతల పుస్తకం ఒకటి ఇంకా సొరుగులోనే ఉంది. నాయన తెలుగులో ఎడమ నుంచి రాసేవాడు. అప్పటి కటింగ్ మాస్టరు ఉర్దూలో, పుస్తకం వెనక అట్ట నుంచి మొదలుపెట్టేవాడు. ఇద్దరి రాతలూ నడుమ పేజీల్లో కలిసేవి. ఛాతీ, నడుము అంకెలు మాత్రం ఇద్దరూ ఒకేలా వేసేవాళ్లు. ఎవరికీ పూర్తి పేరు ఉండదు. నకాష్ వీధి అమ్మీ, మరియాపురం టీచరమ్మ, చెమ్ముమియాపేట అయ్యప్ప సామి, అంతే. నవంబరులో నల్ల లుంగీల అంచులు, డిసెంబరులో చర్చికి తెల్ల చీరల మీదికి జాకెట్లు, రథసప్తమికి దేవుని కడప తేరు, పెద్ద దర్గా ఉరుసు. మామూలుగా ఒకరి పండగ అయ్యాకే ఇంకొకరిది వచ్చేది, మా పొయ్యి వెలిగేది. 2020 నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి నీళ్లొచ్చినప్పుడు కింది అరలో గుడ్డలన్నీ తడిశాయి. ఈ పుస్తకం పై అరలో ఉండి బతికింది.

అంగడి ఎర్రముక్కపల్లికి మారుస్తున్నామని ఎవరో అన్నారట. ఒక రూము చూసిన మాట నిజం. అడ్వాన్సు విని వెనక్కి వచ్చాం. పైగా మీలో సగం మంది నడిచి వచ్చేవాళ్లే.

ఇకపై ఏ పండగకైనా పదిహేను రోజుల ముందే ఆర్డర్లు ఆపేస్తాం. ఎంత దగ్గరివాళ్లొచ్చినా అంతే, మా అత్తగారితో సహా. చీటీ మీద రాసిన తేదీ దాటితే కుట్టుకూలి తీసుకోం. ఆ 31 జతల వాళ్లు కట్టిన డబ్బు వాపసు ఇస్తున్నాం, ఇంకా పన్నెండు మంది రాలేదు. లైనింగ్ జాకెట్టుకు మాత్రం 40 రూపాయలు పెంచుతున్నాం. కాజాలు, గుండీలు వేయడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాం, ఆమె జీతం ఇందులోంచే.

అధిక మాసంలో ముహూర్తాలుండవు, మాకు కొంచెం ఖాళీ. మే చివర్లో బక్రీద్ పని ఉంటుంది, అది పోగా ఆల్టరేషన్లు అప్పుడు తెచ్చుకోండి.

ఇంకొకటి. మెరూన్ రంగు జాకెట్టు ఒకటి, మోచేతుల దాకా చేతులు, వెనక దోరీ, చీటీ ఊడిపోయి మా దగ్గరే ఉంది. ఎవరిదో వచ్చి చూసుకోండి.