641తో భాగించి చూడండి

సంపాదకులు గారికి,

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో 4,29,49,67,297ను ప్రధాన సంఖ్యగా వేశారు. కాదండీ. రెండును 32 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చే ఈ సంఖ్యను ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ప్రధానమనే నమ్మాడు. రెండును ఇలాగే 1, 2, 4, 8, 16 సార్లు వేసి గుణించి ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 వరుసగా ప్రధానాలైతే ఎవరైనా నమ్ముతారు లెండి! 1732లో గణితవేత్త ఆయిలర్ 4,29,49,67,297ను 641 భాగిస్తుందని చూపాడు.

గుడ్డిగా వెతకనక్కర్లేదు. దీని కారణాంకం ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. అయిదో ప్రయత్నానికే దొరుకుతుంది. పైగా 641 అంటే 625కు 16 కలిపినా వస్తుంది, 5ను 128తో గుణించి 1 కలిపినా వస్తుంది. ఈ రెంటితోనే, భాగహారం చేయకుండా, నిరూపణ పూర్తవుతుంది. నా పాత విద్యార్థులకు ఇదంటే మహా ఇష్టం.

సవరణ వేసేటప్పుడు భాగహారం మొత్తం అచ్చు వేయండి. భాగఫలం 67,00,417. మధ్యలో ఆ రెండు సున్నాల దగ్గరే ఏడో తరగతి పిల్లలు తడబడతారు.

– విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, తెనాలి