'కండోన్' పక్కన 'క్షమించు' అని వేస్తే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్ లోపలి పేజీలో రోజుకో ఇంగ్లిష్ మాటకి తెలుగు అర్థం వేస్తున్నారు. ఈ మధ్య 'కండోన్' వేశారు. పక్కన 'క్షమించు, మన్నించు' అని రెండు మాటలు, అంతే. నేను డీటీపీ ఆపరేటర్‌ని. అర్జీలు, సంజాయిషీలు, లీవ్ లెటర్లు టైప్ చేయడమే నా పని. పేపర్లో చూసిన మాటని మర్నాడే తమ అర్జీలో పెట్టించుకోవాలని వచ్చేవాళ్లు నాకు బాగా తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

మీరు వేసిన అర్థం తప్పని అనను. కానీ అదొక్కటే పట్టుకుని వాక్యం కడితే తప్పొస్తుంది. మొన్నొక కుర్రాడు సంజాయిషీ లెటర్ చేత్తో రాసుకొచ్చాడు. ఆఫీసుకి లేటుగా వెళ్తున్నాడని మెమో ఇచ్చారట. చివరి లైను 'కైండ్లీ కండోన్ మీ సర్'. ఆ ఇంగ్లిష్ 'మీ' (అంటే నన్ను) తీసేసి 'మై లేట్ అరైవల్' అని పెడదామంటే ఒప్పుకోడు. "అక్కా, నన్ను మన్నించండి అనే కదా అడుగుతున్నది, పేపర్లోనూ అదే ఉంది" అంటూ ఫోన్‌లో మీ పేజీ ఫొటో చూపించాడు.

అతన్నేమీ అనలేం. తెలుగులో 'నన్ను మన్నించండి' అంటాం, 'నా తప్పు మన్నించండి' అని కూడా అంటాం. రెండూ చెల్లుతాయి. కండోన్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. దాని తర్వాత మనిషి రాడు, చేసిన పని రావాలి: డిలే, చీటింగ్, వయొలెన్స్, అలాంటివి. మనిషిని క్షమించమని అడగాలంటే ఫర్గివ్ ఉంది, పార్డన్ ఉంది, చిన్న విషయమైతే ఎక్స్‌క్యూజ్ ఉంది. ఇంకొకటి, 'కండోన్ ఫర్ ది డిలే' అని మధ్యలో ఒక 'ఫర్' దూర్చి తెచ్చేవాళ్లు చాలామంది. అక్కర్లేదు. 'ప్లీజ్ కండోన్ ది డిలే', అంతే.

అర్జీలు దాటి వార్తల్లోకి వస్తే ఇదే మాట ఇంకోలా కనిపిస్తుంది. ఎక్కడో గొడవ జరుగుతుంది, ఒక సంస్థ వాళ్లు 'వి డు నాట్ కండోన్ వయొలెన్స్' అని ప్రకటన ఇస్తారు. మీరిచ్చిన అర్థంతో చదివితే 'మేం హింసను క్షమించం' అని వస్తుంది. వాళ్లు అంటున్నది అది కాదు. 'ఇలాంటిది మాకు సమ్మతం కాదు, చూసీచూడనట్టు వదిలెయ్యం' అంటున్నారు. మామూలు ఇంగ్లిష్‌లో ఈ క్రియ ఎక్కువగా నాట్, కెనాట్, నెవర్ లాంటివాటిని వెంటేసుకునే తిరుగుతుంది. అవి లేకుండా ఒకరి గురించి వాడితే చాలాసార్లు అది నిందే. 'ది మేనేజర్ కండోన్డ్ ది చీటింగ్' అంటే మేనేజర్ పెద్ద మనసు చేసుకున్నాడని కాదు, మోసం జరుగుతోందని తెలిసీ నోరు మెదపలేదని. అదే మాట కోర్టు కాగితాల్లోకి వెళ్తే పూర్తిగా వినయం. గడువు దాటిపోయింది, ఆ ఆలస్యాన్ని పట్టించుకోకుండా మా పిటిషన్ తీసుకోండి అని వేడుకోవడం.

ఒకే మాట అక్కడ వేడికోలు, ఇక్కడ నింద ఎలా అయిందో దాని చరిత్ర చూస్తే తెలుస్తుంది. మూలం లాటిన్‌లోని కండోనారే. అందులోని దోనారే అంటే ఇవ్వడం. డొనేషన్, పార్డన్ కూడా ఆ కుదురువే. ఇంగ్లిష్‌లో ఈ క్రియ వాడుకలోకి వచ్చింది ఇంగ్లండ్‌లో 1857లో తెచ్చిన విడాకుల చట్టంతో. భార్యాభర్తల్లో ఒకరికి అక్రమ సంబంధం ఉందని రెండోవారికి తెలిసి, అయినా క్షమించి కాపురం సాగిస్తే దాన్ని కండోన్ చేసినట్టే. ఆ తర్వాత అదే కారణం చూపించి విడాకులు అడిగితే ఆ చట్టం కింద కోర్టు ఒప్పుకునేది కాదు. అంటే తెలిసి వదిలెయ్యడం ఈ మాట కడుపులోనే ఉంది. తెలియని తప్పుని ఎవరూ కండోన్ చేయలేరు. మీ శీర్షికలో 'క్షమించు' బదులు 'తప్పని తెలిసీ వదిలెయ్యి' అని వేసి ఉంటే అర్జీ రాసేవాడికీ, వార్త చదివేవాడికీ ఇద్దరికీ పనికొచ్చేది.

దీని పక్కనే కండోల్ (సంతాపం చెప్పడం), కండెమ్ (ఖండించడం) ఉన్నాయి. పలకడంలో తేడా కొంచెమే, అర్థంలో తేడా చాలా. పైగా కండెమ్ స్పెల్లింగ్ చివర పలకని 'ఎన్' ఒకటి, దాంతో చేత్తో గబగబా రాసినప్పుడు ఏది ఏదో తేలదు. ఒక సంఘం వాళ్లు దాడిని ఖండిస్తూ ప్రకటన టైప్ చేయించుకోవడానికి వచ్చారు. వాళ్ల కాగితం మీద 'వి కండోన్ ది అటాక్' అని శుభ్రంగా ఉంది. అలాగే బయటికి వెళ్తే దాడి జరిగినా మాకేం అభ్యంతరం లేదని పదిమంది సంతకాలు పెట్టి చెప్పినట్టు ఉండేది.

పోటీ పరీక్షల పిల్లలకి అర్థం ఒక్కటీ బట్టీ పడితే గడిచిపోవచ్చు, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడమే కదా. లెటర్ రాసేవాళ్ల సంగతి వేరు. క్రియ తర్వాత ఏం పెట్టాలన్నదే వాళ్ల టెన్షన్. కాబట్టి అర్థాలు ఒకటి తగ్గించినా పర్లేదు, ఒక పూర్తి వాక్యం వేయండి. 'కంప్లై' వేసినప్పుడు 'కంప్లై విత్ ది రూల్స్' అనీ, 'రిఫ్రెయిన్' వేసినప్పుడు 'రిఫ్రెయిన్ ఫ్రమ్ స్మోకింగ్' అనీ ఉంటే విత్, ఫ్రమ్ ఎక్కడ వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. వీలైతే ఆ మాట ఎక్కడ వాడకూడదో కూడా ఒక ముక్క రాయండి. సినిమాకి లేటుగా వచ్చి ఫ్రెండ్‌తో 'కండోన్ మై డిలే' అంటే నవ్విపోతారు, అక్కడ సారీ చాలు.

చోటు సరిపోదంటారేమో. రోజుకో మాట బదులు రెండ్రోజులకో మాట వేయండి, ఎవరూ బాధపడరు.

మొదట కండోల్ తీసుకోండి. డిక్షనరీల్లో ఉన్న వాడుక 'కండోల్ విత్', ఆ తర్వాత బాధలో ఉన్న మనిషి. నా దగ్గరికి వచ్చే సంతాప సందేశాలన్నీ 'వి కండోల్ ది డెత్' అనే వస్తున్నాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక డీటీపీ ఆపరేటర్