అవార్డులకైనా, కొత్త నిబంధనలకైనా రేటింగ్ ఒక్కటే చాలదు

సంపాదకులు గారికి,

ఆర్యా,

సిమ్యులేషన్ ఫుట్‌బాల్ లీగ్‌ల గురించి మీ క్రీడాపుటలో ఇటీవల వచ్చిన వ్యాసం రెండు సూచనలు చేసింది. సీజన్ చివర ఇచ్చే అవార్డులను ఓటింగ్ లేకుండా, మ్యాచ్ ఇంజిన్ (మ్యాచ్‌ను ఆడించే కంప్యూటర్ ప్రోగ్రామ్) లెక్కగట్టిన సగటు రేటింగ్ ప్రకారం నేరుగా ప్రకటించాలన్నది మొదటిది. కొత్త నిబంధన ఏదైనా ప్రతిపాదనకు వస్తే దాన్ని ఇంజిన్‌లో వేలసార్లు ఆడించి చూసి, గోల్స్ పెరిగితే వెంటనే అమల్లోకి తేవాలన్నది రెండోది. మనుషుల పక్షపాతానికి చోటు లేకుండా చేయాలన్న వ్యాసకర్త ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. అయితే ఇలాంటి లీగ్ ఒకదాని నిర్వహణలో చాలాకాలంగా పాలుపంచుకుంటున్న వ్యక్తిగా ఆ రెండు సూచనలతోనూ ఏకీభవించలేకపోతున్నాను. ఇంజిన్ ఇచ్చే అంకె మీద అది మోయలేని భారాన్ని ఈ రెండూ మోపుతున్నాయి.

ఈ లీగ్‌లతో పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. ఇందులో పాల్గొనే ప్రతి ఒక్కరూ ఒక క్లబ్‌కు మేనేజర్‌గా ఉంటారు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, ఫార్మేషన్ (మైదానంలో ఎవరెక్కడ ఆడాలన్న అమరిక) ఎంచుకోవడం, ఎవరిని ఎప్పుడు బరిలోకి దించాలో నిర్ణయించడం వారి పని. మ్యాచ్‌ను మాత్రం కంప్యూటరే ఆడిస్తుంది. వేగం, పాసింగ్, దమ్ము వంటి గుణాలకు ప్రతి ఆటగాడికీ ముందే ఇచ్చిన అంకెలకు కొంత యాదృచ్ఛికతను జోడించి, ఏ నిమిషంలో ఏం జరిగిందో ఒక లాగ్ రూపంలో రాసి ఇస్తుంది. 1982లో కెవిన్ టామ్స్ తయారుచేసిన ఫుట్‌బాల్ మేనేజర్, 1992లో వచ్చిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ నాటి నుంచీ పద్ధతి స్థూలంగా ఇదే. మారిందల్లా ఇంజిన్ ఎంత లోతుగా లెక్కవేస్తుందన్నదే.

ఇక రేటింగ్ సంగతి. చాలా ఇంజిన్లలో ప్రతి ఆటగాడూ ఒక మధ్యస్థమైన అంకెతో మ్యాచ్ మొదలుపెడతాడు. గోల్ కొడితే ఆ అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది, గోల్‌కు దారితీసిన పాస్ ఇస్తే కొంత పెరుగుతుంది, ప్రత్యర్థి నుంచి బంతి లాక్కుంటే ఏ కొంచెమో పెరుగుతుంది, తప్పు చేస్తే తగ్గుతుంది. అంటే లాగ్‌లో నమోదైన ఘటనకే విలువ దక్కుతుంది. జరగకుండా ఆగిపోయినదానికి విలువ లేదు. డిఫెండర్ పనిలో సగానికి సగం జరగనివ్వకపోవడమే.

గత సీజన్‌లో మా లీగ్‌లో 0-0తో ముగిసిన ఒక మ్యాచ్ లాగ్ ఇప్పుడు నా ముందు ఉంది. 61వ నిమిషంలో ప్రత్యర్థి లెఫ్ట్ వింగర్ టచ్‌లైన్ పక్కన బంతి అందుకున్నాడు. లోపలికి దూసుకువెళ్లాల్సిన దారిలో సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యభాగంలో ఆడే డిఫెండర్) అప్పటికే వచ్చి నిలబడి ఉండటంతో వెనక్కి తిరిగి తన ఫుల్‌బ్యాక్‌కు బంతి ఇచ్చేశాడు. 64వ నిమిషంలోనూ అదే, 70లోనూ అదే, 78లోనూ అదే. ప్రతిసారీ లాగ్‌లో ఆ వింగర్ ఖాతాలో పూర్తయిన పాస్ ఒకటి చేరింది. సెంటర్ బ్యాక్ ఖాతాలో ఏమీ చేరలేదు. మ్యాచ్ అయ్యాక ఆ సెంటర్ బ్యాక్‌కు వచ్చిన రేటింగ్ 6.7. అదే రోజు మరో మ్యాచ్‌లో ఒక పెనాల్టీని గోల్‌గా మలచడం తప్ప చెప్పుకోదగ్గ పని ఏదీ చేయని స్ట్రైకర్‌కు 7.4 వచ్చింది. రేటింగ్ పట్టికను మాత్రమే చూసి అవార్డు ప్రకటించి ఉంటే ఈ సెంటర్ బ్యాక్ తుది జాబితా దరిదాపులకు కూడా వచ్చేవాడు కాదు. లాగ్‌లు చదివిన మేనేజర్లు ఓటు వేశారు కాబట్టే అతడు సీజన్ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు.

మనుషుల ఓటులోనూ ఇదే లోపం ఉందని వ్యాసకర్త అనవచ్చు. నిజమే, ఉంది. ఉత్తమ ఫుట్‌బాలర్‌కు ఏటా ఇచ్చే బాలన్ డి ఓర్ 1956లో స్టాన్లీ మాథ్యూస్‌తో మొదలైంది; దాని చరిత్రలో ఆ అవార్డు అందుకున్న గోల్‌కీపర్ 1963లో లెవ్ యాషిన్ ఒక్కడే. డిఫెండర్లలో 2006లో ఫాబియో కన్నావారో తర్వాత ఇప్పటిదాకా ఎవరికీ దక్కలేదు. గోల్‌కీపర్ల కోసం 2019లో యాషిన్ పేరిట వేరే ట్రోఫీయే పెట్టాల్సి వచ్చింది. గోల్ కొట్టినవాడి మీదకే కన్ను పోవడం ఫుట్‌బాల్ చూసే వారందరికీ ఉన్న అలవాటు. కాని మనుషుల అలవాటును సరిదిద్దే మార్గం ఓటింగ్ పద్ధతిలోనే ఉంది. ఇంజిన్‌లో దాగిన అదే అలవాటును దాన్ని రాసిన ప్రోగ్రామర్ తప్ప మరొకరు సరిదిద్దలేరు. పైగా అది అంకె రూపంలో కనిపిస్తుంది కాబట్టి నిష్పక్షపాతమన్న భ్రమ కలుగుతుంది.

ఆ మార్గం కష్టమైనదేమీ కాదు. గోల్‌కీపర్, డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, ఫార్వర్డ్ స్థానాలకు విడివిడిగా ఓటు ఉండాలి. సీజన్ ఉత్తమ ఆటగాణ్ని ఆ నలుగురు విజేతల్లోంచే ఎన్నుకోవాలి. తన క్లబ్ ఆటగాడికి ఎవరూ ఓటు వేయకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, తన మొదటి ఓటుకు ఆధారంగా ప్రతి ఓటరూ కనీసం రెండు మ్యాచ్‌ల లాగ్‌లను పేర్కొనాలి. ఈ చివరి నియమం మా లీగ్‌లో పెట్టిన తర్వాత ఓట్ల సంఖ్య కొంత తగ్గిన మాట వాస్తవమే గాని, పడిన ప్రతి ఓటు వెనుకా చదువు ఉంది.

అవార్డుల విషయంలో ఇంకో వాదన కూడా తరచుగా వినిపిస్తోంది. అది రేటింగ్ వాదన కన్నా బలమైనది కాబట్టి దానికి కాస్త వివరంగా జవాబివ్వాలి. ఒక స్ట్రైకర్ గుణాలను బట్టి సీజన్‌కు సగటున 20 గోల్స్ రావాలనుకుందాం. గోల్స్ పాయిసన్ పంపిణీని (యాదృచ్ఛికంగా జరిగే ఘటనల సంఖ్య సగటు చుట్టూ ఎలా మారుతుందో చెప్పే గణిత సూత్రాన్ని) అనుసరిస్తాయని అనుకుంటే, అదే స్ట్రైకర్‌తో అదే సీజన్‌ను మళ్లీ మళ్లీ ఆడించినప్పుడు దాదాపు మూడింట రెండు వంతుల సార్లు అతడి గోల్స్ 16కూ 24కూ మధ్య ఉంటాయి. మిగిలిన సార్లు ఆ హద్దులు కూడా దాటిపోతాయి. అంటే ఒకే సామర్థ్యం ఉన్న ఇద్దరిలో ఒకడికి 23, మరొకడికి 18 రావడం పూర్తిగా సహజం. అలాంటప్పుడు సీజన్‌ను వెయ్యిసార్లు ఆడించి, సగటున ముందున్నవాడికే బంగారు బూటు (టాప్ స్కోరర్ అవార్డు) ఇవ్వడం న్యాయం కాదా అన్నది ఆ వాదన.

కాదని నా గట్టి అభిప్రాయం. వెయ్యిసార్ల సగటు తీస్తే చివరికి తేలేది సీజన్ మొదలుకాక ముందే ఆటగాడి గుణాల పట్టికలో రాసి ఉన్న అంకె. దానికి అవార్డు ఇచ్చేటట్టయితే మ్యాచ్‌లు ఆడించవలసిన పనే లేదు. లీగ్‌లో పాల్గొనేవారు రాత్రి మ్యాచ్ ఫలితం కోసం ఎదురుచూసేది, ఓడిపోతే బాధపడేది, జరిగిన ఆ ఒక్క సీజన్ కోసమే. 90వ నిమిషంలో పడిన గోల్ అదృష్టం వల్లే పడి ఉండవచ్చు, అయినా అది పడింది, దానితో ఒక జట్టు టైటిల్ గెలిచింది. అవార్డు ఆ జరిగినదానికి దక్కాలి. అదృష్టం పాలు ఎంతో ఓటరుకు తెలియాలి, కాబట్టి వెయ్యిసార్ల సగటును బ్యాలట్ పక్కన ఒక సమాచారంగా చూపడంలో నాకు అభ్యంతరం లేదు.

నిబంధనల మార్పు దగ్గర ఇంజిన్ పరిమితి మరింత స్పష్టంగా బయటపడుతుంది. ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి రక్షణను దాటి ముందే నిలబడి పాస్ అందుకునే తప్పు) కాకుండా ఉండటానికి ఆటగాడి ముందు ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న నియమాన్ని 1925లో ఇద్దరికి తగ్గించారు. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో అంతకు ముందు సీజన్‌లో 1,192 గోల్స్ పడితే, మారిన నియమంతో ఆడిన తొలి సీజన్‌లో 1,703 పడ్డాయి. ఆడిన మ్యాచ్‌ల సంఖ్య మాత్రం రెండు సీజన్లలోనూ అంతే. మంచి ఇంజిన్ ఉంటే ఈ పెరుగుదలను బహుశా ముందే చెప్పి ఉండేది. కాని ఆ తర్వాత జరిగినదాన్ని చెప్పగలిగేది కాదు. ఆర్సెనల్‌లో మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ అప్పటిదాకా మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల మధ్యకు దించి, డబ్ల్యూ-ఎం పేరుతో స్థిరపడిన ఫార్మేషన్‌కు రూపమిచ్చాడు. దాన్ని చూసి మిగతా జట్లూ మారాయి. నియమం మారితే మనుషులు కొత్త ఎత్తుగడ కనిపెడతారు. ఇంజిన్‌లోని ఆటగాళ్లకు, వాళ్లను నడిపే ప్రోగ్రామ్‌కు ఆ శక్తి ఉండదు. పాత నియమం కింద నేర్చిన తీరులోనే కొత్త నియమం కింద కూడా ఆడతారు.

గోల్డెన్ గోల్ కథ దీనికి తిరుగులేని ఉదాహరణ. అదనపు సమయంలో తొలి గోల్‌తోనే మ్యాచ్ ముగుస్తుందంటే జట్లు దాడికి దిగుతాయని ఆశించారు. 1996 యూరో ఫైనల్‌లో బియర్‌హాఫ్ గోల్, 1998 ప్రపంచకప్‌లో పరాగ్వేపై లారెంట్ బ్లాంక్ గోల్ ఆ నియమానికి పేరు తెచ్చాయి. కాని ఒక్క తప్పుతో ఇంటికి పోవాల్సి వస్తుందన్న భయంతో చాలా జట్లు మరింత జాగ్రత్తగా ఆడాయన్న విమర్శ బలపడి, 2004లో దాన్ని తొలగించారు. భయం అన్నది ఇంజిన్‌లో అంకెగా లేదు. ఉన్నా, ఎవరో ఊహించి రాసిన అంకె అయి ఉంటుంది.

మా లీగ్‌లో ప్రతి విరామంలోనూ కొత్త నియమాల ప్రతిపాదనలు వస్తూనే ఉంటాయి. పెనాల్టీ బాక్స్ వెలుపలి నుంచి కొట్టిన గోల్‌ను రెండుగా లెక్కించాలన్నది వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది. దీన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. దూరం నుంచి కొట్టే నైపుణ్యం ఎక్కువ ఉన్న ఆటగాళ్లను రెండు, మూడు క్లబ్‌లు ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఇచ్చే గడువు) తెరిచిన రోజే కొనేస్తాయి, మిగిలినవాళ్లు బాక్స్ ముందు గోడ కడతారు, టాప్ స్కోరర్ అవార్డుకు అర్థమే మారిపోతుంది. గోల్స్‌కు బోనస్ పాయింట్లు ఇవ్వాలన్న ప్రతిపాదన కొత్తదేమీ కాదు. ఉత్తర అమెరికా సాకర్ లీగ్ తొలి సంవత్సరాల్లో గెలుపుకు 6 పాయింట్లు ఇచ్చి, గోల్‌కొకటి చొప్పున మూడు గోల్స్ వరకు అదనపు పాయింట్లు ఇచ్చేది. ఈ బోనస్ పాయింట్ల పద్ధతిని ప్రయత్నించి చూడవచ్చు. రిఫరీతో వాదించిన ఆటగాణ్ని పది నిమిషాలు బయట కూర్చోబెట్టే సిన్ బిన్‌కు మాత్రం నా పూర్తి మద్దతు. ఇంగ్లండ్ దిగువస్థాయి ఫుట్‌బాల్‌లో ఇది 2019 నుంచి అమల్లో ఉంది. పది నిమిషాలు ఒక మనిషి తక్కువగా ఆడవలసి వచ్చినప్పుడు మేనేజర్ ఏం చేస్తాడన్నది చూడదగ్గ విషయం.

ప్రయత్నించి చూడటం అంటే లీగ్ నకలు ఒకటి తయారుచేసి, అవే క్లబ్‌లు, అవే జట్లతో, అదే మేనేజర్ల చేత కొత్త నియమం కింద కనీసం ఒక పూర్తి సీజన్ ఆడించడం. అసలు లీగ్ పాత నియమంతోనే సాగాలి. సీజన్ ముగిశాక గోల్స్ ఎన్ని పెరిగాయన్నదానితో పాటు రెండింటి అవార్డు బ్యాలట్లను పక్కపక్కన పెట్టి చూడాలి. 1992లో బ్యాక్‌పాస్ నియమం (సొంత జట్టువాడు కావాలని కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నది) వచ్చాక కాళ్లతో బంతి ఆడలేని గోల్‌కీపర్ల విలువ ఎలా పడిపోయిందో ఆ కాలం ఫుట్‌బాల్ చూసినవారికి తెలుసు. కొత్త నియమం ఏ స్థానంలోని ఆటగాణ్ని పైకి తెస్తోంది, ఎవరిని మరుగున పడేస్తోంది అన్నది గోల్స్ లెక్క కన్నా అవార్డుల ఓట్లే బాగా చెబుతాయి. నకలు లీగ్‌లో నలుగురు విజేతలూ ఒకే రకం ఆటగాళ్లయితే, ఎన్ని గోల్స్ పడినా ఆ నియమాన్ని పక్కన పెట్టాలి.

సీజన్ మధ్యలో నియమం మార్చడాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ అనుమతించకూడదు. నియమం మారిన సీజన్ నుంచి రికార్డుల పట్టికలో ఒక గీత గీసి, ఏ నియమం కింద ఆ రికార్డు వచ్చిందో పక్కనే రాయాలి. ఎవర్టన్ తరఫున డిక్సీ డీన్ 1927-28 సీజన్‌లో కొట్టిన 60 లీగ్ గోల్స్ గొప్పదనం 1925 నాటి మార్పు వల్ల ఏమీ తగ్గదు. అయితే అంతకు ముందు సీజన్‌లోనే సెకండ్ డివిజన్‌లో జార్జ్ క్యామ్‌సెల్ 59 గోల్స్ ఎలా కొట్టగలిగాడో అర్థం కావాలంటే ఆ మార్పు తెలిసి ఉండాలి.

లీగ్‌లు నడుపుతున్న మీ పాఠకులకు ఒక విన్నపం: ఈ సీజన్ అవార్డుల ఓటింగ్ మొదలయ్యే ముందే మ్యాచ్ లాగ్‌లన్నిటినీ ఓటర్లకు అందుబాటులో పెట్టండి, సగటు రేటింగ్ పట్టికను ఓటింగ్ ముగిశాకే విడుదల చేయండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సిమ్యులేషన్ లీగ్ నిర్వాహకుడు