తలకు దెబ్బ తగిలిన మనిషి మాట్లాడుతున్నాడని వదిలేయొద్దు

సంపాదకులకు నమస్కారం.

పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే ఎత్తయిన గదే బ్యారన్. అందులో ఆకు కట్టిన కర్రలు ఎక్కించేవాళ్లు పైన వాసాల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతారు. పట్టు తప్పితే పడేది గట్టి నేల మీదే. కొండపి, టంగుటూరు వైపు బ్యారన్లయినా, చీమకుర్తి క్వారీలయినా, హైవే మీద బైకయినా తర్వాత జరిగేది ఒకటే. పడ్డవాడు కాసేపు స్పృహ తప్పి, లేచి కూర్చుని మంచినీళ్లు అడగ్గానే 'గండం గడిచింది' అని ఇంటికి తీసుకుపోతారు. కనిపెట్టుకుని ఉండాల్సింది అప్పటి నుంచే.

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలి వైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి అది తెగితే నెత్తురు ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య చేరుతుంది. పుర్రె సాగదు. మొదట్లో మెదడు చుట్టూ ఉండే నీరు, సిరల్లోని రక్తం తప్పుకుని చోటిస్తాయి కాబట్టి మనిషి మామూలుగానే మాట్లాడతాడు. ఆ చోటు నిండాక ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. తలనొప్పి అంతకంతకూ ఎక్కువవుతుంది, వాంతులు ఆగవు, లేపినా సరిగా లేవడు, మాట ముద్దగా వస్తుంది, ఒక చెయ్యో కాలో పట్టు తప్పుతుంది, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవుతుంది. ఫిట్స్ రావచ్చు. చెవిలోంచో ముక్కులోంచో నెత్తురు గానీ నీళ్లలాంటిది గానీ కారితే పుర్రె అడుగు ఎముక చిట్లిందేమోనని అనుమానించాలి. దూది కుక్కొద్దు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సీటీ స్కాన్, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట 'తాగి పడ్డాడు, పడుకోనీ' అనేది. మత్తూ మెదడులో రక్తస్రావమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. స్కాన్ లేకుండా తేడా చెప్పడం డాక్టరుకే కష్టం, ఇక ఇంట్లోవాళ్ల సంగతి చెప్పేదేముంది?

108 వచ్చేలోపు సోడా, నీళ్లు తాగించొద్దు. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాళ్లూ చేతులూ పట్టి ఆటోలోకి ఎత్తొద్దు, మెడ ఎముక కూడా విరిగి ఉండొచ్చు. వాంతి చేసుకుంటుంటే తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు ముగ్గురు నలుగురు కలిసి పక్కకు తిప్పాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, నెత్తురు గడ్డకట్టనీయవు.

ముసలివాళ్ల సంగతి వేరు. వయసుతో మెదడు కుంచించుకుని దాని మీది సన్నని సిరలు బిగుసుకుని ఉంటాయి. బాత్‌రూంలో జారి చిన్న దెబ్బ తగిలినా అవి తెగి, నెత్తురు మెల్లగా ఊరుతుంది. రెండు మూడు వారాలకు నడక తడబడటం, మతిమరుపు, పగలంతా మగత మొదలవుతాయి. అప్పటికి ఆ పడటం ఎవరికీ గుర్తుండదు, వయసు మీదపడిందంటారు. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ నెత్తురు తీస్తే చాలామంది మళ్లీ నడుస్తారు.

స్కాన్ బాగున్నా కొన్ని వారాలు తలనొప్పి, మతిమరుపు, ఊరికే కోపం ఉండొచ్చు. ఆ మనిషిని వెంటనే బ్యారన్ ఎక్కించకూడదు, బండి ఇవ్వకూడదు.

మా చుట్టుపక్కల ఆసుపత్రులకు, పీహెచ్‌సీలకు మా విన్నపం ఒకటే. తలదెబ్బతో వచ్చినవాళ్లను ఇంటికి పంపేటప్పుడు పై లక్షణాలన్నీ తెలుగులో, పెద్ద అక్షరాలతో అచ్చేసిన చీటీ ఇవ్వండి. మొదటి 24 గంటలు ఒకరు పక్కనే ఉండి, నిద్రలో మధ్యమధ్య లేపి పేరు, ఊరు అడగాలని అందులో రాయండి. చీటీ చేతికిచ్చే ముందు తోడు వచ్చినవాళ్లకు ఒకసారి చదివి వినిపించండి.

– అత్యవసర విభాగం నర్సులం, ఒంగోలు